అటువైపు దూకిన మనిషి

డ్రిల్లు మాస్టారు పోయారన్న సంగతి నాకు ఇస్త్రీ బండి అతను చెప్పాడు. పొద్దున్న బట్టలిద్దామని గేటు దగ్గరికి వెళ్తే, "నరసన్నపేట మాస్టారు పోనారట కదండీ, మీ స్నేయితుడు" అన్నాడు. గేటు గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన దగ్గర తాడు ముడి నేర్చుకున్నవాళ్ళు ఈ రెండు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఒక్కరూ నాకు ఫోను చెయ్యలేదు. నాతో మాట్లాడితే ఏదో ఒక విరుపు మాట పడాల్సి వస్తుందని వాళ్ళ భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేశారు. ఒకప్పుడు హిమాలయాల్లో గైడుగా పనిచేశారనీ, కాలు జారిన ప్రమాదం తర్వాత కొండలు మానేశారనీ. రాసినవాడు ఏనాడైనా కుర్చీ కన్నా ఎత్తయినది ఎక్కాడో లేదో నాకు తెలీదు.

పదకొండో రోజు దాటాక మా పర్వతారోహణ సంఘం శ్రీకాకుళంలో సంతాప సభ పెట్టింది. విజయనగరం నుంచి డాక్టరు వచ్చారు. ఆయనా నేనూ పాతికేళ్ళ కిందట మాస్టారితో కలిసి కొండెక్కినవాళ్ళం. ఆయన మైకు పట్టుకుని, "ఎంత గొప్ప గైడుకైనా ఒకరోజు కాలు జారుతుంది. ఆ రోజు ఆయన్ని తాడుతో ఆపి ప్రాణం కాపాడిన పెద్దమనిషి మన మధ్యే ఉన్నారు, అదుగో, చివరి వరసలో" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, సంతాప సభ అని గుర్తొచ్చి ఆపేశారు.

నేను లేచి నిలబడి ఒక్క మాట చెప్పాలి. నోరు ఎండిపోయింది. లేవడానికి బదులు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను.

అందుకని ఇది రాస్తున్నాను. ఆయన కాలు జారలేదు.

*

ఆయన ఇల్లు నరసన్నపేటలో, ఉద్యోగం కోటబొమ్మాళి దగ్గర ఒక బడిలో, డ్రిల్లు మాస్టారుగా. సెలవులు పెట్టుకుని ఉత్తరాదికి పోయి, కొండలెక్కడం నేర్పే బళ్ళో ఒక్కొక్క మెట్టూ చదువుకుని గైడు అయ్యారు. వరిచేల మధ్య పుట్టిన మనిషికి మంచు మీద ఆ నడక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను కాలేజీ లైబ్రేరియన్ని. కొండలెక్కినవాళ్ళు రాసుకున్న పుస్తకాలు దొరికినన్ని చదివాను. ఆ తర్వాతే కొండలెక్కాను. వాళ్ళందరూ భయం గురించి క్షేమంగా దిగి వచ్చాక రాశారు. అందుకే అందులో ఏ ఒక్కటీ నాకు పనికిరాలేదు.

ఆయన నాకన్నా అయిదారేళ్ళు చిన్న. నన్ను మావా అనేవారు. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు ఆ పిలుపుకి చుట్టరికం అక్కర్లేదు. నేను మాత్రం చివరిదాకా మాస్టారూ అనే అన్నాను.

ముడి కనిపిస్తే ఊరుకునేవారు కాదు. ఎవరింటికి వెళ్ళినా పెరట్లో బట్టలారేసే తీగని రెండుసార్లు లాగి చూసేవారు. గేదె పలుపు లాగి చూసేవారు. ఒకసారి పలాస బస్సు మీద ఎవరిదో మంచం కట్టి ఉంటే, డ్రైవరు అరుస్తున్నా వినకుండా నిచ్చెనెక్కి విప్పి మళ్ళీ కట్టారు. "బేగి దిగు మాస్టారూ, టైమైపోతన్నాది!" అని కండక్టరు గోల. పైనుంచి ఈయన, "ఈ ముడి నీ నెత్తి మీద ఊడితే నీ టైమే అయిపోతాది, ఉండరా" అన్నారు.

ఇంకో అలవాటు ఈల. కొండ మీద పొద్దున్నే నడుముకి తాడు కట్టే ముందు, ఒక్కొక్కరినీ ఎదురుగా నిలబెట్టి "ఈల వెయ్యి" అనేవారు. భయపడ్డ మనిషికి నోట్లో తడి ఉండదు, ఈల రాదు. ఈల రానివాడికి ఫ్లాస్కులోంచి చోడి అంబలి, అంటే రాగి జావ, పోసి ఇచ్చి, పక్కన కూర్చుని, అది దిగేదాకా ఏవేవో ఊరి కబుర్లు చెప్పేవారు. అంత ఎత్తులో, అంత చలిలో, మా ఊరి చోడి అంబలి. ఈల చక్కగా వేసినవాణ్ణి మాత్రం అనుమానంగా చూసి, తాడు చివర కట్టేవారు.

"మరి మీరు వెయ్యండి మాస్టారూ" అని ఒకరోజు నేను ఎకసెక్కంగా అన్నాను. ఆయన పెదాలు ముందుకు చాపి ఊదారు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"నాకు ఇరవయ్యేళ్ళ కాణ్ణుంచీ రాలేదు మావా" అన్నారు. "ఎక్కిన ప్రతిసారీ భయమే. అంబలి ఎందుకు తెస్తన్నాననుకున్నావు, నీ కోసమనా?"

*

ఆ ప్రమాదం జరిగిన శిఖరం మీదికి ఆయన ఎవర్ని పడితే వాళ్ళని తీసుకెళ్ళేవారు కాదు. అంతకుముందు రెండు మంచు కొండలైనా ఎక్కి ఉండాలి. ఆపైన టెక్కలి వైపు వదిలేసిన ఒక రాతి క్వారీలో నిలువు గోడకి మమ్మల్ని గంటసేపు వేలాడదీసి, రెండు చిన్న తాళ్ళని పెద్ద తాడుకి ముడేసి, వాటిని ఒకటొకటిగా జరుపుకుంటూ పైకి పాకమనేవారు. ఆ ఏడు నెగ్గినవాళ్ళం ఇద్దరం, డాక్టరూ నేనూ.

క్వారీ ఒడ్డున ఆయన మాకు వేసిన ఆఖరి ప్రశ్న ఇది. మేం వెళ్ళేది కొండ వెన్ను మీదుగా అయిదు రోజుల దారి. మూడో రోజు ఆ వెన్ను ఇంటి కప్పు కొప్పులా సన్నబడిపోతుంది. అటూ ఇటూ నిటారుగా మంచు, కింద కళ్ళకి ఆనని లోయ. తాడు బిగించడానికి రాయి ఉండదు, మేకు దిగదు. ఒక తాడుకి ఇద్దరే.

"నాను ఎడమకి పడిపోనాననుకో. నువ్వేటి సేస్తావు?"

"గట్టిగా తాడు పట్టుకుంటాను" అన్నాను నేను.

"పట్టుకోలేవు. నీ బరువు ఎంత, పడతన్నోడి ఊపు ఎంత? నిన్నూ లాక్కుపోతాను."

"అయితే?"

"కుడికి దూకాలి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఆలోసించడానికి టైముండదు. నాను ఎడమకి పోతే నువ్వు కుడికి దూకాలి. తాడు మద్దిలో కొండ మీద పడి ఆగుతాది. ఇద్దరం సెరో పక్కా ఏలాడతాం. ఏలాడతన్నోడికి ఎదరోడు బతికున్నాడో లేదో కనపడదు. అప్పుడు తాడు రెండుసార్లు లాగాలి. అవతలోడు కూడా రెండుసార్లు లాగితే ఉన్నాడన్నమాట. దూకుతావా?"

"దూకుతాను" అన్నాను.

అది అబద్ధమని ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నాకు తెలుసు. ఖాళీలోకి కావాలని కాలు పెట్టే మనిషిని కాను నేను. ఆయన నా మొహం కేసి కాసేపు చూసి, "సరే" అన్నారు. ఆయనకీ తెలిసిందనే ఇప్పుడు అనుకుంటున్నాను.

*

ఆ శిఖరం పేరు రాయను. గఢ్వాల్లో ఉంది, అంతవరకు చాలు. మొదటి రోజు మంచు నది మీదుగా నడక. రెండో రోజు రాతి గోడ ఎక్కి కొండ వెన్ను చేరాం. ఆ సాయంత్రం గుడారం వేసిన చోటు మా ఇంటి వరండా కన్నా చిన్నది. గుడారం తాడు ఒకటి గాలికి కొట్టుకుంటుంటే మాస్టారు మూడుసార్లు బయటికి పాకి వెళ్ళి సరిచేశారు. నేను జీడిపప్పు నోట్లో వేసుకుని నమలలేక బుగ్గలో పెట్టుకుని కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున్న నాకు ఈల రాలేదు. అంబలి తాగాను. మళ్ళీ ఊదాను, రాలేదు. రెండో గ్లాసు పోశారు. డాక్టరు, తన తాడుకి జోడీగా అక్కడే కుదిరిన గఢ్వాల్ గైడుతో వెనక సిద్ధంగా నిలబడి, "ఏవండోయ్, ఇవాళ బయల్దేరతామా?" అని కేకేశారు. డాక్టరుకి ఈల ఎప్పుడూ వచ్చేది. మాస్టారు అటు చూడకుండా, కోటబొమ్మాళి సంతలో ఎద్దు ఒకటి అద్దాల కొట్లోకి దూరిన కథ చెప్పడం మొదలుపెట్టారు. ఎద్దు బయటికొచ్చేసరికి నాకు సన్నగా ఈల వచ్చింది. బయల్దేరాం.

కొండ వెన్ను ఆయన చెప్పినట్టే ఉంది. చెప్పినదానికన్నా సన్నంగా ఉంది. గాలి ఒక వైపు నుంచి తోస్తోంది, తోసి తోసి హఠాత్తుగా ఆగుతోంది. అది ఆగినప్పుడే ఎక్కువ భయం, దానికి ఎదురు మొగ్గిన ఒళ్ళు అటే తూలుతుంది. ముందు ఆయన, ఎనిమిది బారల వెనక నేను. ఆయన అడుగు గుర్తులో నా అడుగు. ఎటూ చూడకుండా ఆయన బూటు మడమలే చూస్తూ నడిచాను.

మధ్యాహ్నం కావస్తుండగా వెన్ను కిందికి వాలింది. దిగేటప్పుడు గైడు వెనక ఉండాలి, పైనుంచి పట్టుకోవడానికి. అంటే నేను ఆయన్ని దాటి ముందుకి వెళ్ళాలి. దాటడానికి చోటు లేదు. ఆయన గుర్రమెక్కినట్టు వెన్ను మీద అటో కాలు ఇటో కాలు వేసుకు కూర్చుని, తాడు నాలుగైదు చుట్లు చేతిలో పట్టుకుని, ఒళ్ళు వంచేశారు.

"నా మీంచి దాటిపో మావా. భుజం మీద కాలెట్టినా పర్లేదు."

దాటాను. కుడికాలు అవతల మోపాను. ఎడమకాలు తెస్తుంటే బూటు కింద ఇనుప ముళ్ళు ఆయన ఎడమ భుజానికి రాసుకున్నాయి. కోటు చిరిగి, లోపలి దూది తెల్లగా పైకి వచ్చింది.

ఇక్కడ చదివేవాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. పుస్తకానికో, చేటకో, పక్కన కూర్చున్న మనిషికో కాలు తగిలితే మన చెయ్యి ఏం చేస్తుందో అందరికీ తెలుసు. నాకు దేవుడంటే పెద్ద నమ్మకం లేదు. ఇది నమ్మకం కాదు, తుమ్ము లాంటిది. అయిదారేళ్ళ వయసులో అమ్మ నెత్తి మీద మొట్టి నేర్పితే వచ్చింది. నేను వెనక్కి తిరిగి, వంగి, ఆయన భుజం తాకి కళ్ళకద్దుకోవడానికి చెయ్యి చాపాను. ఆ చేతిలో నన్ను మంచుకి పట్టి ఉంచిన గొడ్డలి ఉంది. దాన్ని వదిలేశాను.

నా చెయ్యి వస్తుండగానే ఆయనకి అర్థమైంది. "వొద్దు" అన్నారు. చెయ్యి భుజానికి తగిలింది. కళ్ళదాకా రాలేదు.

ఎడమ వైపు పడ్డాను.

ఎంతసేపు పడ్డానో చెప్పలేను. ఆయన చేతిలోని చుట్లు విడిపోయేంతసేపు. మంచు మొహానికి గీసుకుపోతోంది. ఒకటే ఆలోచన: ఆయన్ని కూడా తీసుకుపోతున్నాను. తర్వాత నడుము విరిగిందనిపించేంత కుదుపు. ఆగాను.

ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నాకు బాత్రూములో కాలు జారబోయినప్పుడల్లా వినిపిస్తుంది. కిందికి చూడలేదు. పైకి చూస్తే తాడు నిటారుగా వెళ్ళి కొండ వెన్ను మీద మంచుని కోసుకుని అవతలికి మాయమైంది. అక్కడ ఎవరూ కూర్చుని లేరు. ఆయన గుర్రమెక్కినట్టు కూర్చున్న చోటు ఖాళీ.

మాస్టారూ అని అరిచాను. మళ్ళీ లేచిన గాలిలో నా గొంతు నాకే వినపడలేదు. అవతల వేలాడుతున్నది మనిషో, శవమో. శవమైతే ఆ బరువే నన్ను ఆపుతోంది. ఈ లెక్క వేస్తూనే, అంత భయంలోనూ, శవమైనా ఫర్వాలేదు, బరువు ఉంటే చాలు అని ఒక్క క్షణం అనుకున్నాను. ఇది ఎక్కడా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు తాడు రెండుసార్లు కదిలింది.

నేను రెండుసార్లు లాగాను. ఏడ్చాను. కన్నీళ్ళు రెప్పల మీదే గట్టిపడ్డాయి. తర్వాత క్వారీలో నేర్పినట్టు రెండు చిన్న తాళ్ళు తీసి, ఒకటి కాలికి, ఒకటి నడుముకి, జానెడు జానెడు పైకి పాకాను. వెన్ను చేరి, అటో కాలు ఇటో కాలు వేసుకు కూర్చుని అవతలికి తొంగి చూశాను. మూడు బారల కింద ఆయన. టోపీ పోయింది, నుదురు చిట్లింది, ఒక కాలు పక్కకి వంకరగా తిరిగి ఉంది.

"ఏటి మావా" అన్నారు. "దండం ఎట్టేసినావా? ఇంక దిగుదుమా?"

*

డాక్టరూ, గఢ్వాల్ గైడూ వెనక అడ్డున్న మంచు దిబ్బ దాటి వచ్చేసరికి వాళ్ళ కంటికి కనపడింది ఇది: నేను కొండ వెన్ను మీద గట్టిగా కూర్చుని ఉన్నాను, తాడు చివర మాస్టారు వేలాడుతున్నారు. డాక్టరు అబద్ధమాడే మనిషి కాదు. చూసినదే చెప్పారు. చూసినంత మాత్రాన నిజం తెలిసిపోయిందనుకునే జబ్బు మాత్రం ఆయనకి ఆ రోజూ ఉంది, మొన్న మైకు ముందూ ఉంది.

ముగ్గురం కలిసి మాస్టారిని పైకి లాగాం. "ఏమైందండీ?" అని డాక్టరు అడిగితే మాస్టారు నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. నేను తాడు చుట్టుకుంటూ తల దించుకున్నాను.

"జారేను" అన్నారు.

విరిగిన కాలుతో ఆయన్ని కిందికి దింపడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో నేను చెప్పడానికి ఎన్ని చోట్లు ఉన్నాయో అన్నింటినీ దాటుకొచ్చాను. శ్రీకాకుళం వచ్చాక సంఘం సభ పెట్టింది. అప్పటి కార్యదర్శికి కొండ అంటే ఫొటోలో మనిషి వెనక ఉండేది. ఆయన నాకు శాలువా కప్పారు, గైడుని కాపాడినందుకు. మొదటి వరసలో పిండికట్టు కాలు కుర్చీ మీద చాపుకుని కూర్చున్న మాస్టారు చప్పట్లు కొట్టారు. అందరికన్నా ఎక్కువసేపు కొట్టారు.

ఆ తర్వాత ఆయన తాడుకి ఎవరూ రాలేదు. జారే గైడుతో ఎవరు వెళ్తారు? సంఘం వేరే ఊరి గైడుని పిలిపించుకుంది. డాక్టరూ ఆ కొత్త గైడుతోనే వెళ్ళారు. మాస్టారు కుంటుకుంటూ బడికి వెళ్ళి, రిటైరయ్యేదాకా ఈల ఊది డ్రిల్లు చేయించారు. ఇనుప ఈల. అది ఎవరికైనా వస్తుంది.

అయినా మా ఇంటికి వచ్చేవారు. అరసవల్లిలో ఆటో దిగి, గుడి వీధిలో చెప్పుల కొట్టువాళ్ళ టార్పాలిన్ తాళ్ళు లాగి చూసుకుంటూ వచ్చేవారు. వరండాలో కూర్చుని కాఫీ తాగేవారు. చాలా ఏళ్ళకి ఒకసారి అడిగాను, నిజం ఎందుకు చెప్పలేదని.

"నువ్వు సెప్తావని సూసాను" అన్నారు. "నువ్వు సెప్పలేదు. మరి నాను సెప్తే నీ మొకం ఏటవ్వాలి?"

"మీ పని పోయింది కదా మాస్టారూ."

"పోయింది. కోపమొచ్చింది కూడాను. ఒక ఏడాది నీ ఈదిలోకి రాలేదు, సూసుకోలేదేటి?" కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఒకటి అడుగుతాను సెప్పు. నానే పడుంటే, నువ్వు దూకుదువా?"

నేను గ్లాసు తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చాను. ఆయన రెండోసారి అడగలేదు. తీరిగ్గా లేచి, వెళ్తూ వెళ్తూ మా బట్టల తీగ రెండుసార్లు లాగి, "ఇది వొదులైపోనాది మావా" అని బిగించి వెళ్ళారు.

ఆఖరిసారి ఆసుపత్రిలో చూశాను. మాట సన్నగా ఉంది. నర్సు బయటికి వెళ్ళగానే, "మావా, ఈల వెయ్యి" అన్నారు. కట్టుడు పళ్ళతో ఊదాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన కూడా పెదాలు చాపి ఊదారు. ఏమీ రాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. అంబలి తెస్తానన్నాను. తెచ్చేలోపు పోయారు.

కాబట్టి సంఘంవారికీ, డాక్టరుగారికీ, నాలుగు లైన్లు రాసిన పేపరతనికీ చెప్తున్నాను. జారింది నేను. ఆయన దూకారు. నేనైతే దూకి ఉండను. శాలువా నా బీరువాలో ఉంది, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి. ఇది రాస్తుంటే నోట్లో తడి లేదు.

ఇస్త్రీ అతను చెప్పిన రోజునే ఆటో ఎక్కి నరసన్నపేట వెళ్ళాను. పాడె కడుతున్నారు. ముడులు సరిగ్గా లేవు. "తప్పుకోండి నాయనా" అని వంగి, విప్పి, ఒక్కొక్కటీ మళ్ళీ కట్టాను. రెండేసిసార్లు లాగి చూశాను. ముసలాడి చాదస్తం అనుకుని ఉంటారు. ఆయన్ని పడుకోబెట్టాక బట్ట కింద ఎడమ భుజం ఎక్కడుందో తడిమి, దాని మీద చెయ్యి పెట్టాను. పాతికేళ్ళ కిందటి ఆ చెయ్యే. మెల్లగా తెచ్చి కళ్ళకద్దుకున్నాను.

ఈసారి వద్దనే మనిషి లేడు. వాళ్ళు పాడె ఎత్తారు. తాళ్ళు బిగిసి, కదలకుండా నిలిచాయి.